ఏ రాత్రి ఇంట్లో ఉంటానో ముందే తెలిస్తే చాలు

2023 జూన్‌లో ప్రసూతి సెలవు అయిపోయి కానిస్టేబుల్‌గా తిరిగి పోలీస్ స్టేషన్‌కి పోయిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. 180 రోజులు ఇంట్లో ఉండేసరికి ఖాకీ ప్యాంటు నడుముకు పట్టలేదు. ముందురోజు నెల్లూరు వేదాయపాళెంలో టైలర్ దగ్గర కుట్లు విప్పించి లూజు చేయించుకున్నాను. పొద్దున బాబుకి పాలిచ్చి మా అత్త చేతిలో పెట్టి చెప్పులు వేసుకుంటుంటే ఆమె అడిగింది, "ఎన్నింటికొస్తావమ్మా?" అని.

"తెలీదత్తా" అన్నాను.

ఆ తర్వాత ఏడాది పైగా మా ఇంట్లో నేను ఎక్కువసార్లు చెప్పిన మాట అదే. మా ఆయన అడిగినా అదే, ఓనర్ అక్క అడిగినా అదే, మాటలొచ్చాక మా వాడు అడిగినా అదే. ఈ మధ్య కొత్తగా సెలెక్టయిన పిల్లలు నాకు ఫోన్ చేసి "అక్కా, పెళ్లయ్యాక ఈ ఉద్యోగం చెయ్యగలమా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నేను పడిందీ నేర్చుకుందీ ఒకచోట రాద్దామని కూర్చున్నాను. నేను పనిచేసే స్టేషన్ పేరు రాయను. మా జిల్లాలోదే, నెల్లూరు నుంచి బస్సులో ముప్పావు గంట.

మా ఆయనది విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర పని. రొయ్యల సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, రాత్రిపూట కరెంటు పోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి, ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకు చచ్చి తేలిపోతుంది. అందుకని ఆయనకి రాత్రిళ్లు గుంట గట్టు మీదే కాపలా. నాకేమో రాత్రిళ్లు ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియదు. మధ్యలో అరవై దాటిన మా అత్త, ఆరు నెలల పసివాడు.

చేరిన నెలన్నరకే నెల్లూరులో రొట్టెల పండగ వచ్చింది, కోరిక కోరుకుని రొట్టె తీసుకునే, తీరాక రొట్టె ఇచ్చే పండగ. ఆ ఏడు మొహర్రం జులై చివర్లో పడింది. బారాషహీద్ దర్గా బందోబస్తంటే జిల్లాలో ఉన్న ఆడ కానిస్టేబుళ్లందరూ స్వర్ణాల చెరువు దగ్గరుండాల్సిందే. నీళ్లలోకి దిగి రొట్టె మార్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. తోపులాట కాకుండా చూడాలి, నగలు పోకుండా చూడాలి, తప్పిపోయిన పిల్లల్ని అప్పజెప్పాలి. నాకు ఘాట్ మెట్ల మీద డ్యూటీ వేశారు. పొద్దున ఆరుకి నిలబడ్డాను.

పదకొండయ్యేసరికి పాలు కట్టేశాయి. పాలిచ్చిన తల్లులకి ఆ నొప్పి తెలుసు, రొమ్ములు రాళ్లలా అయ్యి చెయ్యెత్తితే ప్రాణం పోతుంది. ఆ పక్కన ఎవరి బిడ్డో ఆకలికి గుక్కపట్టి ఏడ్చాడు. అంతే, నా చొక్కా ముందుభాగం తడిసిపోయింది. ఖాకీ మీద తడి ఎంత నల్లగా కనిపిస్తుందో అప్పుడే తెలిసింది. లాఠీ రెండు చేతులతో ఛాతీకి అడ్డం పట్టుకుని నిలబడ్డాను. నా బదులు నిలబడే రిలీవర్ రావడానికి ఇంకా మూడు గంటలుంది.

మెట్ల మీద ఒకామె సంతానం రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. కిందటేడు రొట్టె తీసుకుని పోయిందంట, బిడ్డ పుట్టిందంట, ఇప్పుడు రొట్టె ఇవ్వడానికి కడప నుంచి వచ్చింది. నన్ను చూసింది. ఒక్క మాట అడగలేదు. చెల్లెలి చేతికి రొట్టె ఇచ్చి, నా మోచెయ్యి పట్టుకుని గట్టు మీద పందిరి వెనక్కి తీసుకుపోయింది. చున్నీ విప్పి రెండు చేతులతో పరదాలాగా పట్టుకుని నాకు వీపు తిప్పి నిలబడింది. నేను గోడవైపు తిరిగి పాలు నేలపాలు చేశాను. మా వాడి నోట్లోకి పోవాల్సిన పాలు ఆ మట్టిలో ఇంకిపోతుంటే ఏడుపాగలేదు. ఆమె వెనక్కి చూడకుండానే "కానీమ్మా, తొందరేం లేదు" అంది. పది నిమిషాల్లో మళ్లీ మెట్ల మీద ఉన్నాను.

ఆ సాయంత్రం నాకు ఎవరి మీదా కోపం రాలేదు. అన్ని వేలమంది వచ్చేచోట ఆడపోలీసులు ఉండాలి, అందులో రెండో మాట లేదు. పసిబిడ్డ తల్లికి ఆరు గంటలకోసారి రిలీవర్‌ని వెయ్యాలని డ్యూటీ వేసేవాళ్లకి తట్టలేదు, నాకు అడగాలని తట్టలేదు. అడిగితే "ఆడోళ్లు వస్తే ఇంతే" అంటారేమోనన్న భయం నాలో అంతుంది. ఆ భయం నాకు తొమ్మిది నెలల ట్రైనింగ్‌లో అంటుకుంది. మగపిల్లలతో సమానంగా పరిగెత్తాలి, నొప్పున్నా చెప్పకూడదు అనుకుంటూ బతికాం. ఇప్పుడు కొత్త పిల్లలకి నేను చెప్పే మొదటి మాట, అడగండి. డ్యూటీ వేసేటప్పుడే అడగండి, గట్టు మీదికి పోయాక కాదు.

రాత్రి పిలుపుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, బయటివాళ్లకి ఇది తెలియదు. ఆడమనిషిని సోదా చెయ్యాలంటే ఆడపోలీసే చెయ్యాలని చట్టం. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని చెయ్యాలి. అత్యాచారం కేసులో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి. పోక్సో కేసయితే, అంటే పిల్లల మీద లైంగిక నేరమయితే, బిడ్డ ఉన్నచోటికే పోవాలి, యూనిఫాంలో పోకూడదు. వైద్య పరీక్షకి ఆస్పత్రికి తోడు పోవాలన్నా మేమే, తగాదాపడి ఇల్లు విడిచి అర్ధరాత్రి స్టేషన్ మెట్లెక్కిన ఆడబిడ్డ దగ్గర కూర్చోవాలన్నా మేమే. ఇవన్నీ మంచి చట్టాలు. ఆడవాళ్ల కోసం పెట్టినవి, పోరాడి తెచ్చుకున్నవి.

కానీ వీటిని నిలబెట్టాల్సినవాళ్లు ఎంతమందిమి? ప్రతి స్టేషన్‌లో కనీసం ముగ్గురు మహిళా ఎస్ఐలు, పదిమంది మహిళా కానిస్టేబుళ్లు ఉండాలని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు 2013లోనే సలహా ఇచ్చింది. దేశం మొత్తం మీద పోలీసుల్లో ఆడవాళ్లు ఈనాటికీ నూటికి పన్నెండు దగ్గరే ఉన్నారు. మా స్టేషన్‌లో మేం ముగ్గురం కానిస్టేబుళ్లం. ఒక అక్కకి ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది పదో తరగతి. ఒక చెల్లికి ఇంకా పెళ్లి కాలేదు, తల్లికి డయాలిసిస్. మూడోదాన్ని నేను. ఫోన్ చేస్తే ఎవరు తొందరగా ఎత్తితే వాళ్లే రావాలి, అదే మా డ్యూటీ చార్టు. స్టేషన్‌కి దగ్గరగా గది తీసుకుని ఉండేది చెల్లి. ఆ పిల్లకి నిద్ర అనేదే లేకుండా పోయింది. 2019 జూన్‌లో మన రాష్ట్రంలో పోలీసులకి వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు అందరం సంతోషించాం. ముగ్గురే ఉన్నచోట అది రోస్టర్ కాగితం మీద కనబడేది, ఒంటికి అందేది కాదు.

అట్టా నడుస్తుండగా డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. 2023 డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటే ముందు రెండు రోజులు నెల్లూరు మీద కుమ్మేసింది. సముద్రం ఒడ్డు ఊళ్లలో జనాన్ని స్కూళ్లలోకి తరలించే డ్యూటీ మాకు. ముసలాళ్లు ఇళ్లు విడిచి రామంటారు. గొడ్లను ఎవరు చూస్తారంటారు. ఒకామె మేక పిల్లను కొంగులో చుట్టుకుని, అది వస్తేనే వస్తానంది. మేక పిల్లతో సహా ట్రాక్టర్ ఎక్కించాం.

మా ఆయన గుంటల దగ్గర జనరేటర్‌తో ఉన్నాడు. ఇంట్లో మా అత్త, బాబు. నాలుగో తేదీ సాయంత్రం అత్త ఫోన్ చేసి వాడి ఒళ్లు కాలిపోతోందంది. తడిగుడ్డ వెయ్యి, మందు పట్టి చూడు అన్నాను. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. రాత్రంతా బళ్లో వరండాలో కూర్చుని నూట ఎనభై మందికి సాంబారన్నం వడ్డించి, పక్కలు పరిచి, ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుకుతూ ఉన్నాను. ఆ బళ్లో పడుకున్న పిల్లల నుదుళ్లు తాకుతూ తిరిగాను. ఎందుకు తాకుతున్నానో నాకే తెలియలేదు.

ఐదో తేదీ రాత్రికి ఇల్లు చేరేసరికి ఎదురింటివాళ్లు బాబుని ఆస్పత్రిలో చేర్చారు. న్యుమోనియా. ఆరు రోజులుంచారు. పాలు పట్టబోతే మొహం తిప్పుకుని మా అత్త భుజం మీద తల పెట్టుకున్నాడు. జబ్బు బిడ్డ అలసటతో అట్టా చేశాడని డాక్టరమ్మ అంది. నాకు తెలుసు, నిజమే అయ్యుంటుంది. ఆ రాత్రి మాత్రం మా ఆయన "మానెయ్ ఇంక" అన్నాడు. కోపంతో కాదు, ఏడుస్తూ అన్నాడు. నేనూ సరే అన్నాను.

మరుసటిరోజు ఆస్పత్రికి మా స్టేషన్ అక్క వచ్చింది. కూర్చుని చెప్పింది, "మానే ముందు నీకు రావాల్సింది నువ్వు తీసుకున్నావా? చైల్డ్ కేర్ లీవ్ ఒక్కరోజైనా వాడావా?" అని.

నేను ఆ మాట విన్నాను గానీ అది టీచర్లకనుకున్నాను. కాదు, రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసే ఆడవాళ్లందరికీ ఉంది. మన దగ్గర ముందు 60 రోజులుండేది, 2022 మార్చిలో 180 రోజులకు పెంచారు. ఒకేసారి అక్కర్లేదు, పది విడతల దాకా వాడుకోవచ్చు. జీతం పోదు. ప్రసూతి సెలవు 180 రోజులు వేరు, ఇది వేరు. మీ ఎర్న్‌డ్ లీవ్ ఖాతాలోంచి తియ్యరు, సర్వీస్ రిజిస్టర్‌లో విడిగా రాస్తారు. బిడ్డ జబ్బు చేసినా పరీక్షలున్నా వాడుకోవచ్చు. కాకపోతే హక్కుగా పట్టుబట్టి తీసుకునేది కాదు, డ్యూటీ అవసరాన్ని బట్టి పైవాళ్లు మంజూరు చెయ్యాలి. అక్కడే మనం తెలివిగా ఉండాలి.

నా మొదటి దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఆస్పత్రి వరండాలో తెల్ల కాగితం మీద "నా బిడ్డకు బాగోలేదు, సెలవు ఇప్పించగలరు" అని రాసిచ్చాను. ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్నో విడత, ఇవేం లేవు. జనన ధ్రువపత్రం జతచెయ్యలేదు. వెనక్కి వచ్చిందని తెలియడానికే పదకొండు రోజులు పట్టింది, ఎందుకంటే కాగితం ఏ బల్ల మీదుందో నేను వెంటపడి అడగలేదు.

రెండోసారి స్టేషన్‌లో కాగితాల పని చూసే రైటర్ అన్న పక్కన కూర్చుని రాయించాడు. ఎస్పీ గారికి, త్రూ ప్రాపర్ ఛానల్, అంటే మధ్యలో ఉన్న పైవాళ్ల ద్వారా. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఎన్నో సంతానం. కోరుతున్నది మొదటి విడత, ఇరవై రోజులు, తేదీలతో. ఇంతకుముందు వాడినవి సున్నా. జనన ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ నకళ్లు. కింద ఒక వాక్యం రాయమన్నాడు: ఆ ఇరవై రోజుల్లో నా బదులు డ్యూటీ చూసుకోవడానికి ఫలానా ఇద్దరు ఒప్పుకున్నారు అని, వాళ్ల సంతకాలతో. ఆ వాక్యం ఏ నమూనాలోనూ ఉండదు. సంతకం చేసే అధికారి మనసులో మొట్టమొదట లేచే ప్రశ్న అదే, "ఈమె పోతే అక్కడ ఎవరు?" అని. జవాబు కాగితం మీదే ఉంటే కలం కదులుతుంది. స్టేషన్‌లో ఎస్ఐ గారు సిఫార్సు రాశారు, అక్కడి నుంచి సర్కిల్, సబ్ డివిజన్, జిల్లా ఆఫీసు. ఈసారి ప్రతి మెట్టు దగ్గరా తేదీ రాసి పెట్టుకున్నాను. పన్నెండో రోజున ఆర్డర్ వచ్చింది.

ఆ ఇరవై రోజులు సంక్రాంతి అటూ ఇటూ పడ్డాయి. మా వాడికి అన్నప్రాశన చేసినా అప్పటిదాకా నా చేత్తో ముద్ద తిన్నది లేదు. నెయ్యి వేసి పప్పన్నం మెత్తగా పిసికి పెడుతుంటే మొదటి మూడు రోజులు మా అత్త వైపు చూసేవాడు. నాలుగో రోజు నా వేలు కొరికాడు, రెండు పళ్లతో. ఉద్యోగం మానాలన్న మాట ఆ రోజు నుంచి మా ఇంట్లో మళ్లీ రాలేదు.

సెలవు అయిపోయాక పాత కథే మొదలైంది. ఆ వెంటనే ఎన్నికలు. 2024 మే 13 పోలింగ్, జూన్ 4 కౌంటింగ్, ఆ మధ్యలో ఎవరికీ సెలవుల్లేవు. దాని గురించి పెద్దగా చెప్పను, అందరం ఒకేలా పడ్డాం, మగవాళ్లూ అంతే.

కానీ ఆ రోజుల్లో నాకొకటి అర్థమైంది. ఎన్నికలప్పుడు పని మూడింతలున్నా మా ఇల్లు గొడవ లేకుండా నడిచింది. ఎందుకంటే డ్యూటీ ఆర్డర్ ముందే చేతికొచ్చేది. ఫలానా రోజు ఫలానా ఊరి బళ్లో పోలింగ్, రెండు రాత్రులు రాను, మూడోరోజు మధ్యాహ్నం వస్తాను. అత్త తన చెల్లెల్ని ఇందుకూరుపేట నుంచి పిలిపించుకుంది. మా ఆయన గుంటల దగ్గర ఇంకొకరితో రాత్రి మార్చుకున్నాడు. పని ఎక్కువ కావడం కాదు మమ్మల్ని చంపేది, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం. నేను బలంగా నమ్మేది ఇదే. మాకు పని తగ్గించమని నేను ఎన్నడూ అడగలేదు, ఇప్పుడూ అడగను.

కౌంటింగ్ అయ్యాక ఒక నోట్‌బుక్ తీశాను. జూన్ నడిమి నుంచి రెండు నెలలు మా ముగ్గురికీ ఏ రాత్రి ఎవరికి పిలుపొచ్చింది, ఎన్నింటికి, ఏ పని, ఎన్నింటికి వదిలారు అని రాశాను. సరిగ్గా అప్పుడే, జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చి స్టేషన్‌లో అందరూ కొత్త సెక్షన్లు బట్టీ పడుతున్నారు. రెండు నెలల్లో చెల్లికి పందొమ్మిది రాత్రులు, నాకు పదకొండు, అక్కకి నాలుగు. అక్క తప్పించుకుందని కాదు, ఆమె ఇల్లు దూరం. పిలిచిన రాత్రుల్లో సగానికి పైగా ఇద్దరికీ ఫోన్ చేసి ఇద్దర్నీ లేపారు, వచ్చింది ఒక్కరే.

ఆ నోట్‌బుక్ పట్టుకుని ముగ్గురం ఎస్ఐ గారి ముందు నిలబడ్డాం. ఆయన కొత్తగా వచ్చారు. చెప్పాల్సింది ముందే అనుకున్నాం కాబట్టి పది నిమిషాలు కూడా పట్టలేదు. నెలకి ముప్పై రాత్రులు, మనిషికి పది. ప్రతి రాత్రికి ఒకరు మొదటి పిలుపు, ఒకరు రెండో పిలుపు, మూడోవాళ్లకి ఫోన్ చెయ్యరు. రాత్రి వచ్చినవాళ్లకి మరునాడు మధ్యాహ్నం రెండు దాకా రెస్ట్. ఒకరి రాత్రి ఇంకొకరు చేస్తే అది బాకీ, నెలలోపు తీర్చాలి. చార్టు ముందు నెల 25కల్లా గోడకెక్కాలి. పండగ, ఎన్నిక, తుఫాను వస్తే చార్టు పక్కన పెడతాం, దాని గురించి నోరెత్తం.

ఆయన నోట్‌బుక్ పేజీలు మొదటి నుంచి చివరిదాకా తిప్పారు. "నెల చూద్దాం" అన్నారు. రైటర్ అన్న స్కేలు పెట్టి గీతలు గీశాడు.

ఆ చార్టు ఫొటో మా ఫ్రిజ్ మీద అంటించాను. నా పది రాత్రులకి మా అత్త కుంకుమ బొట్టు పెడుతుంది. ఆమెకి చదువు రాదు, బొట్టున్న రోజు ఇందుకూరుపేట ఫోన్ చేసుకుంటుంది. బొట్టు లేని రాత్రి నేను ఫోన్ పక్కనపెట్టి బాబు పక్కన పడుకుంటాను. నిద్రలో కూడా చెవి ఫోన్ మీదుండే అలవాటు పోవడానికి మాత్రం నాలుగైదు నెలలు పట్టింది.

చార్టుతో అంతా సర్దుకుందని చెప్పను. బందోబస్తుల్లో బాత్రూంల ఇబ్బంది అట్లాగే ఉంది, నెలసరి రోజుల్లో పన్నెండు గంటలు నిలబడటం అట్లాగే ఉంది. పిల్లల్ని వదిలే చోటు స్టేషన్ చుట్టుపక్కల లేదు. పదిమంది ఉండాల్సిన చోట ముగ్గురం సర్దుకున్న సర్దుబాటు ఇది. ముగ్గురి బదులు ఆరుగురం అయిన రోజున మనిషికి ఐదు రాత్రులవుతాయి, ఆ రోజు రావాలి.

మొన్న ఆ మధ్య, బొట్టు లేని రాత్రి ఒంటిగంటకి ఫోన్ మోగింది. చెల్లి. వాళ్లమ్మని ఆస్పత్రిలో చేర్చింది, రెండో పిలుపు ఉన్న అక్క ఊళ్లో లేదు. పోక్సో కేసు, తొమ్మిదేళ్ల పిల్ల. ఖాకీ వేసుకోకుండా ఇంట్లో కట్టుకున్న చుడీదార్ మీదే పోయాను. ఎస్ఐ మేడమ్ పక్క స్టేషన్ నుంచి వచ్చి వాంగ్మూలం రాసుకున్నారు. ఆ పిల్ల మాట్లాడుతున్నంతసేపూ నా చున్నీ అంచు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంటూ ఉంది. ఆస్పత్రికి వ్యాన్‌లో పోతూ "ఆంటీ, నువ్వు పోలీసా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.

తెల్లవారి ఏడింటికి ఇల్లు చేరాను. చెల్లి మెసేజ్ పెట్టింది, ఒక రాత్రి బాకీ అక్కా అని. ఆ బాకీ పోయిన శనివారం తీర్చింది. ఆదివారం పొద్దున్నే మా వాణ్ణి మైపాడు తీసుకుపోయాం, ముగ్గురం, వాళ్ల నాన్న కూడా. అలలు కాళ్లకి తగిలితే వాడు నా మోకాళ్లు వాటేసుకుని, అల వెనక్కి పోగానే "మళ్లీ" అన్నాడు.